జీతం కంటే ముందు నిద్ర అడగండి

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఈ ఏడాది కోర్సు పూర్తి చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మేడమ్ గారికి కృతజ్ఞతలు. ‘విమాన మరమ్మతుల్లో విదేశీ అవకాశాలు’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. అది రెండు ముక్కల్లో ముగించి, నేను చెప్పాలని వచ్చిన సంగతికి వస్తాను.

అవకాశాలు ఉన్నాయి. యూరప్ పద్ధతి పాటించే చోట ఇంజిన్లు, బాడీ చూసేవాళ్లకు బీ1, ఎలక్ట్రానిక్స్ చూసేవాళ్లకు బీ2 లైసెన్స్ ఉండాలి. ఒక దేశపు లైసెన్స్ ఇంకో దేశంలో దానంతట అదే చెల్లదు. సొంత పనిముట్లు తీసుకెళ్లేటట్టయితే ఏటీఏ కార్నే అనే కస్టమ్స్ పత్రం చేయించుకోండి. మిగతావన్నీ ఏజెంట్లు చెబుతారు. వాళ్లు చెప్పనిది నిద్ర సంగతి.

మేం చేసేది ఏఓజీ పని. ఎక్కడో ఒక విమానం పాడై నేల మీద ఆగిపోతుంది, బాగుచేయడానికి మనిషిని పంపాలి. ఫోన్ రాగానే బయల్దేరతాం. రాత్రంతా ప్రయాణం. దిగేసరికి మన ఒంటికి అర్ధరాత్రి, అక్కడేమో పట్టపగలు. బయట నిలబడ్డ మనిషి ‘కారు రెడీ సార్, నేరుగా విమానం దగ్గరికే’ అంటాడు. అతన్ని తప్పుపట్టలేం, అతని మీద ఎవరి టెన్షన్ వాళ్లు రుద్దుతుంటారు.

పైలట్ ఎన్ని గంటలు పనిచేయాలో, ఎంతసేపు విశ్రాంతి తీసుకోవాలో చట్టం లెక్కగట్టి చెబుతుంది. ఆ విమానం ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే మనిషికో? అమెరికాలో ఎయిర్‌లైన్స్ మెకానిక్‌లకు ఒక నిబంధన ఉంది. ప్రతి ఏడు రోజుల్లో వరసగా 24 గంటలు సెలవివ్వాలి, లేదా నెల మొత్తం మీద దానికి సమానంగా ఇవ్వాలి. రోజుకు ఇన్ని గంటలే పనిచేయాలన్న హద్దు అందులో లేదు. మీరే చెప్పండి, ఇది న్యాయమేనా?

1990లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి గాల్లో ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటికి వెళ్లిపోయింది. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఆపారు, ఆయన బతికారు. ఆ అద్దం బిగించింది రాత్రి షిఫ్ట్‌లో, తెల్లవారుజామున. 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికంటే సన్నవి. పాత బోల్టును పక్కన పెట్టి కంటితో పోల్చి తెచ్చినవి. పార్ట్స్ కేటలాగ్ తెరిచి ఉంటే నంబర్ దొరికేది. పగలు మనమందరం తెరుస్తాం. తెల్లవారుజామున మూడింటికి తెరుస్తారా? తెరుస్తామనేవాళ్లు చేతులెత్తండి. ... ఇంతమంది ఎత్తారు, సంతోషం. కానీ అప్పటికి రాత్రంతా మేలుకుని ఉన్నారనుకుని ఇంకోసారి ఆలోచించండి.

ఇంకొకటి మన పనికి మరీ దగ్గరిది. 1978లో ఒసాకాలో దిగుతూ ఒక జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 విమానం తోక రన్‌వేకి తగిలింది. బాగుచేయడానికి బోయింగ్ బృందం వెళ్లింది. అంటే మనలాగే పనికోసం దేశం దాటి వెళ్లినవాళ్లు. వెనక ఉన్న ప్రెషర్ బల్క్‌హెడ్‌లో, అంటే క్యాబిన్‌లో గాలి ఒత్తిడిని ఆపే గోడలో, అతుకు ప్లేటు ఒకే ముక్కగా వేయాల్సింది, రెండు ముక్కలు చేసి వేశారు. రెండు వరసల రివెట్లు మోయాల్సిన భారం ఒక్క వరస మీద పడింది. అలాగే 12 వేలకు పైగా సార్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న ఆ అతుకు తెగి విమానం కూలింది. 524 మందిలో 520 మంది చనిపోయారు. వాళ్లకు నిద్ర చాలలేదని నేను అనడం లేదు. మన చేతిపని మనం వచ్చేసిన ఏడేళ్ల తర్వాత కూడా ఎగురుతూ ఉంటుంది, అది గుర్తుపెట్టుకోమంటున్నాను.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఒక చోట ఇంజిన్ మీది హైడ్రాలిక్ పంప్ మార్చడానికి వెళ్లాను. నా టూల్‌బాక్స్ కస్టమ్స్‌లో చిక్కుకుంది, దానివల్లే ఆ రాత్రి హోటల్‌లో పడుకోవడానికి వీలైంది. పొద్దున వాళ్ల వర్క్‌షాప్ టార్క్ రెంచ్, అంటే బోల్టును ఎంత బిగువుగా బిగించాలో కొలిచి బిగించే పనిముట్టు, చేతికిచ్చారు. దాని మీద మళ్లీ కాలిబ్రేషన్, అంటే కొలత సరిగ్గా ఉందో లేదో పరీక్ష, ఎప్పుడో తేదీ రాసిన చిన్న స్టిక్కర్ ఉంటుంది. నూనె పట్టి నల్లబడింది. బొటనవేలితో తుడిచి చూస్తే గడువు దాటిపోయింది. ‘మొన్న కూడా దీంతోనే చేశాం’ అన్నారు. నేను చేయనన్నాను. ఫోన్ల మీద ఫోన్లు. మా ఆఫీసుకు ఫిర్యాదు వెళ్లింది. సాయంత్రానికి వేరే రెంచ్ వచ్చింది, పంప్ బిగించి, ఇంజిన్ నడిపి, లీక్ లేదని చూసుకుని అప్పుడు సంతకం పెట్టాను. ఆ కస్టమర్ నన్ను మళ్లీ పిలవలేదు, మా ఆఫీసు ఆ నెల అలవెన్స్ కోసేసింది. ఆ కోత నాకు ఇప్పటికీ మంటే. ముందురోజు పడుకోకపోయి ఉంటే, రెంచ్ చూసేవాణ్ణే గానీ ఆ తేదీ చదివేవాణ్ణి కాదు.

అందుకే అడుగుతున్నాను. ఒప్పందంలో జీతం అంకె కంటే ముందు మూడు మాటలు వెతకండి. దూరప్రయాణం తర్వాత పని మొదలుపెట్టే ముందు రాత్రి విశ్రాంతి ఉందా? కీలకమైన పనిని విడిగా చూసే రెండో మనిషి వస్తాడా? సంతకం పెట్టనంటే డబ్బు కోయకూడదని రాశారా? లేకపోతే రాయమనండి. ఒక్కరు అడిగితే పక్కన పెడతారు, మీ బ్యాచ్ మొత్తం అడిగితే రాస్తారు.

ఆఫర్ లెటర్లు వచ్చినవాళ్లు కొందరున్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. సాయంత్రం దాకా నేనిక్కడే ఉంటాను. కాగితాలు పట్టుకుని రండి, కూర్చుని చదువుదాం.