లాటిన్ దుమ్ము జర్మన్ ఇంట పొడి అయిన వైనం

శ్రోతలకు నమస్కారం.

విభూది బుధవారం నాడు కతోలిక గుడిలో గురువు భక్తుల నుదుట బూడిద పెడుతూ చెప్పే పాత లాటిన్ వాక్యం ఒకటుంది: ‘మెమెంతో హోమో, క్వియా పుల్విస్ ఎస్, ఎత్ ఇన్ పుల్వెరెమ్ రెవెర్తెరిస్.’ ఓ మనిషీ, నువ్వు ధూళివనీ, తిరిగి ధూళిలోనే కలుస్తావనీ గుర్తుంచుకో అని భావం. ఇందులోని ‘పుల్విస్’ అంటే దుమ్ము, ధూళి. జర్మన్, ఇంగ్లీషు, డచ్చి, స్వీడిష్ మాట్లాడేవారి పూర్వీకులు ఏటేటా ఈ వాక్యం వింటూనే ఉన్నారు.

అయినా వాళ్ల ఇంటి దుమ్ముకు ఈ పేరు నిలవలేదు. జర్మన్‌లో దుమ్ము ‘ష్టౌబ్’, డచ్చిలో ‘స్టోఫ్’, స్వీడిష్‌లో ‘డమ్’, ఇంగ్లీషులో ‘డస్ట్’. అన్నీ సొంత మాటలే. బైబిలు ఆదికాండంలో ఇదే వాక్యం వచ్చేచోట, బైబిలును జర్మన్‌లోకి అనువదించిన లూథరు ‘ఎర్డె’, అంటే మన్ను, అని రాశాడు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ‘డస్ట్’ అని ఉంది. మన తెలుగు బైబిల్లోనూ ‘నీవు మన్నే గనుక’ అనే చదువుతాం. మరి పుల్విస్ ఆ భాషల్లోకి ఏ దారిన వచ్చింది? గాలికి లేచే దుమ్ముకు పేరుగా కాదు, మనిషి పనిగట్టుకుని నూరి, జల్లించి, తూచి పొట్లం కట్టిన పొడికి పేరుగా వచ్చింది. ఈ మాట చరిత్రకు కీలకం ఇదేనని నా అభిప్రాయం.

ముందు మాట రూపం చూద్దాం. లాటిన్‌లో ప్రథమా విభక్తిలో ‘పుల్విస్’. మిగతా విభక్తుల్లో ‘పుల్వెరిస్’, ‘పుల్వెరెమ్’ అంటూ ‘ర’కారం తేలుతుంది. అరువు వెళ్లింది ఈ రకారం ఉన్న రూపమే. మధ్యయుగపు లాటిన్‌లో ‘పుల్వెర్’ అనే రూపం కూడా వాడుకలో ఉండేది. జర్మన్ ‘పుల్వర్’ దాని నుంచి పుట్టిందే.

ఎప్పుడు పుట్టిందో చెప్పడానికి మాటలోనే సాక్ష్యం ఉంది. రోమన్ వర్తకులతో, సైనికులతో కలిసి తొలినాళ్లలో జర్మన్‌లోకి వచ్చిన లాటిన్ మాటల్లో మొదటి ‘ప’ తర్వాతి కాలంలో ‘ప్ఫ’గా మారింది. మిరియానికి లాటిన్ ‘పిపెర్’ ఇప్పటి జర్మన్‌లో ‘ప్ఫెఫర్’. తూకానికి సంబంధించిన ‘పోందో’ వచ్చి ‘ప్ఫుంట్’ అయింది. ఈ మార్పు సుమారు 6 నుంచి 8 శతాబ్దాల మధ్య జరిగింది. పుల్వర్‌లో ‘ప’ చెక్కుచెదరలేదు. అంటే అది ఆ మార్పు ముగిశాకే వచ్చింది. రెండో సాక్ష్యం మధ్యలోని ‘వ’. పాత అరువుల్లో లాటిన్ ‘వ’ పెదాలు గుండ్రంగా చుట్టి పలికే శబ్దం. ‘వీనుమ్’ నుంచి ఇంగ్లీషు ‘వైన్’ వచ్చింది అలాగే. పుల్వర్‌లోని ఆ అక్షరాన్ని ఇప్పటి జర్మన్లు ఎక్కువగా ‘ఫ’ అనే పలుకుతారు, ‘పుల్ఫర్’ అన్నట్టు. వీధిలో విని నేర్చుకున్న మాట కాదిది. సుమారు 1050 నుంచి 1350 దాకా సాగిన మధ్య ఎగువ జర్మన్ దశలో, చదువుకున్నవాళ్ల లాటిన్ నుంచి దిగిన మాట.

ఆ చదువుకున్నవాళ్లలో ముఖ్యులు మఠాల్లో మందులు నూరేవారు, వైద్యులు, ఆ తర్వాత పట్నాల్లో మందుల కొట్లు పెట్టినవారు. వైద్యుడి చీటీ లాటిన్‌లోనే ఉండేది. ఇరవయ్యో శతాబ్దం దాకా ఆ అలవాటు పోలేదు. చీటీ చివర ‘ఎమ్. ఎఫ్. పుల్వ్.’ అని ఉంటే ‘మిస్కె, ఫియాత్ పుల్విస్’ అని చదువుకోవాలి. కలుపు, పొడి చెయ్యి అని అర్థం. దాని తర్వాత వచ్చే కొద్దిపాటి అక్షరాలే ప్రాణాల మీదికి తెచ్చేవి. ‘డి. టి. డి. నంబర్ 10’ అంటే పైన రాసిన మోతాదు ఒక్క పొట్లానికి, అలాంటివి పది కట్టు అని. ‘డివ్. ఇన్ పార్ట్. ఈక్వ్. నంబర్ 10’ అంటే పైన రాసిందంతా కలిపి పది సమభాగాలు చెయ్యి అని. ఒకదానికి బదులు ఇంకోటి చదివితే రోగికి పదో వంతు మందు అందుతుంది, లేకపోతే పది రెట్లు. రాసింది నల్లమందో, మరో విషపు మందో అయితే రెండో పొరపాటుకు విరుగుడు దొరకడం కష్టం.

కలపడానికీ పద్ధతి ఉంది. 0.1 గ్రాము ఘాటైన మందును 10 గ్రాముల పాల చక్కెరలో ఒక్కసారిగా వేసి తిప్పితే మందు ఒక మూల ముద్దగా మిగిలిపోతుంది. అందుకని కల్వంలో ముందు మందుకు సమానంగా చక్కెర వేసి నూరాలి. అది కలిశాక, కల్వంలో ఎంత ఉందో అంత చక్కెర మళ్లీ వెయ్యాలి. అలా ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఇంత జాగ్రత్తగా తయారయ్యే వస్తువును వీధి దుమ్ముకు వాడే మాటతో పిలవడం ఆ వృత్తివాళ్లకు కుదరదు. లాటిన్ మాట నిలబడిపోయింది.

తర్వాత తుపాకిమందు వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో యూరప్ యుద్ధాల్లో ఫిరంగులు మొదలయ్యాయి. లాటిన్‌లో ఆ మందు పేరు ‘పుల్విస్ పిరియుస్’, అగ్నిచూర్ణం. జర్మన్‌లో ఉత్త ‘పుల్వర్’ అన్నా, ‘షీస్‌పుల్వర్’ అన్నా అదే. అయితే ఇక్కడ ఇంకో మాట పోటీకి దిగింది. డచ్చిలో తుపాకిమందు ‘క్రౌట్’, స్వీడిష్‌లో ‘క్రూట్’. రెండింటికీ మూలార్థం మూలిక, ఆకుమందు. సురేకారం, గంధకం అమ్మింది మందుల కొట్లవాళ్లే కాబట్టి ఇందులో వింత లేదు. తెలుగులో ఒంటికి వేసుకునేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. చైనా భాషలో దాని పేరు ‘హువోయావ్’, నిప్పుమందు. ఇంత దూరదూరపు భాషలు ఒకే ఆలోచన చేయడం నాకు ఎప్పుడూ ఆనందంగా ఉంటుంది.

తుపాకిమందులో సాధారణంగా 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. తొలినాళ్లలో వీటిని విడివిడిగా నూరి కలిపేవారు. పీపాల్లో పోసి బండ్ల మీద తీసుకెళ్తే దారి పొడవునా కుదుపులకు బరువైన సురేకారం, గంధకం కిందికి దిగి, తేలికైన బొగ్గుపొడి పైన మిగిలేది. యుద్ధభూమిలో మళ్లీ కలపాలి, కలిపేటప్పుడు లేచే దుమ్ముకు నిప్పురవ్వ తగిలితే అంతే సంగతులు. పైగా మెత్తటి పొడిని గొట్టంలో గట్టిగా దట్టిస్తే మంట లోపలికి పాకడానికి సందు ఉండదు, సరిగా పేలదు. పదిహేనో శతాబ్దంలో దీనికి ఉపాయం దొరికింది. మిశ్రమాన్ని తడిపి, ముద్ద చేసి, ఆరాక పగలగొట్టి, జల్లెడ పట్టి గింజలుగా చేశారు. అప్పటికి అది పొడి కాదు, రవ్వ. పేరు మాత్రం పుల్వర్‌గానే ఉండిపోయింది.

ఇంగ్లీషు మాట దారి వేరు. ఫ్రాన్స్‌లో జనం నోట ‘పుల్వెరెమ్’ అరిగి, మధ్య అచ్చు పోయి, వకారం పోయి, ‘ల్’ పక్కకు ‘ర్’ వచ్చి చేరింది. ఈ రెండిటినీ వెంటవెంటనే గబగబా పలికి చూడండి. నాలుక ఒకదాని నుంచి ఇంకోదానికి జారేటప్పుడు మధ్యలో సన్నగా ‘ద్’ వినిపిస్తుంది. అలా ‘పోల్ద్ర’ అన్నట్టయింది. తర్వాత ఆ ‘ల్’ ఉకారంగా కరిగి ‘పూద్ర్’ అయింది. తిరగలిలో పిండి విసరడం అనే అర్థంలో లాటిన్ ‘మొలెరె’ కూడా ఇదే తీరున ‘మూద్ర్’ అయింది. నార్మన్ల ఫ్రెంచితో ఇంగ్లండు చేరి, సుమారు 1300 నాటికి ఇంగ్లీషు రాతల్లో ‘పౌడర్’ కనిపిస్తుంది. మొదట్లో దానికి దుమ్ము, బూడిద అనే అర్థాలు కూడా ఉండేవి, కాలక్రమంలో అవి ‘డస్ట్’కు వదిలేసింది. లాటిన్ నుంచి సూటిగా ‘పల్వరైజ్’ ఆ తర్వాత వచ్చింది.

ఇదే ఫ్రెంచి మాట పదిహేడో శతాబ్దంలో జర్మనీకి మరో వస్తువుతో వెళ్లింది: తలకూ ముఖానికీ అద్దుకునే పొడి. జర్మన్‌లో ‘పూడర్’, డానిష్‌లో ‘పుడర్’. విగ్గులకు చల్లేది ముఖ్యంగా గోధుమ గంజిపిండి. దాని మీద 1795లో బ్రిటన్ ఏడాదికి ఒక గినీ, అంటే అప్పటి ఒక బంగారు నాణెం, పన్ను వేసింది. ఆ దెబ్బకు పొడి చల్లుకునే అలవాటు వేగంగా తగ్గిపోయింది.

ఈ రెండు దారుల తేడా ఇప్పటికీ జర్మన్ దుకాణాల్లో పనికొస్తుంది. అక్కడ కాపురముంటున్న మనవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఇదీ: నీళ్లలోనో పిండిలోనో కలిసిపోయేది సాధారణంగా పుల్వర్, పైన చల్లేది పూడర్. పాలపొడి ‘మిల్ష్‌పుల్వర్’, బట్టల సబ్బుపొడి ‘వాష్‌పుల్వర్’, పసిపిల్లల పౌడరు ‘బేబిపూడర్’, కేకు మీద చల్లే మెత్తటి పంచదార ‘పూడర్‌త్సుకర్’. బేకింగ్ పౌడరు ‘బాక్‌పుల్వర్’. దీన్ని ఇంటింటికీ చేర్చింది 1891లో బీలెఫెల్డ్‌లో మందుల కొట్టు తీసుకున్న ఆగస్ట్ ఎట్కర్. మందు పొట్లం కట్టినట్టే, ఒక పౌను పిండికి సరిపడేలా తూచి కట్టి అమ్మాడు. ఇప్పటి పొట్లం కూడా 500 గ్రాముల పిండికే. అందులో సోడా, దానితో కలిసి పొంగించే ఆమ్లలవణం, తేమ పీల్చుకునే గంజిపిండి ఉంటాయి. మూత సరిగా వేయకపోతే ఆ గంజిపిండి కూడా ఆపలేదు, డబ్బాలోనే గ్యాసు పోయి కేకు పొంగదు. ఇక వంటసోడా కావాలంటే బాక్‌పుల్వర్ తీసుకోవద్దు. ‘నాట్రోన్’ అని అడగండి.