నెల రోజుల సెల్ఫ్ డిఫెన్స్ క్లాసుతో ఏం వస్తుంది, ఏం రాదు

నమస్తే అండీ. నెల్లూరులో మా మేడ మీద నుంచే ఈ వీడియో చేస్తున్నా. సాయంత్రం గాలి కాస్త ఎక్కువగా ఉంది, మైకులో గరగర వస్తే సర్దుకోండి.

క్లాసులో చేరడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఎన్ని రోజుల్లో వస్తుంది మేడం?" ఏం రావాలో మాత్రం చెప్పరు. కొంచెం కదిపితే బయటపడుతుంది. ఇద్దరు మీదికొస్తే ఇద్దర్నీ పడగొట్టాలట. అది నేను నేర్పలేను, నాకే రాదు కాబట్టి.

ఆరేళ్లు కరాటే చేశాక జరిగిన సంగతి ఇది. ఆత్మకూరు బస్టాండు దగ్గర రాత్రి బస్సు దిగి నడుస్తున్నా. బండి మీద ఇద్దరు వచ్చి భుజానికున్న బ్యాగు లాగారు. గుద్దూ లేదు, తన్నూ లేదు, పట్టీ పట్టుకుని అట్టాగే నిలబడిపోయా. నోరు కూడా పెగల్లేదు. పట్టీ తెగింది, మోచెయ్యి దోక్కుపోయింది, వాళ్లు వెళ్లిపోయారు. బండి నంబరు చూశావా అని అందరూ అడిగారు. నేను చూసింది ఆ పట్టీ ఒక్కటే. భయపడినప్పుడు ఒంట్లోకి అడ్రినలిన్ దూసుకొస్తుంది. గుండె దడ, వేళ్ల వణుకు, చూపు ఒక్కచోటే ఇరుక్కుపోవడం, అన్నీ దాని పనే. ఏడెనిమిది స్టెప్పులున్న టెక్నిక్ ఆ టైములో ఎవరికి గుర్తొస్తుంది?

అందుకే నా దగ్గర స్టెప్పులు తక్కువ. తమ్ముడూ, ఇట్రా, నా మణికట్టు పట్టుకో. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. నాలుగు వేళ్లు అటు, బొటనవేలు ఒక్కటే ఇటు. పట్టులో సందు ఉండేది ఇక్కడ, బొటనవేలి కొస మిగతా వేళ్లను కలిసేచోట. మన మణికట్టు సన్నటి అంచును ఆ సందుకు తిప్పి, మోచెయ్యి మడిచి అతని వైపుకు తోస్తూ ఒక్క గుంజు. వచ్చేసింది.

బాగుంది కదా? మావాడు సాయం చేశాడు కాబట్టి బాగుంది. ఒరేయ్, ఈసారి రెండు చేతులతో పట్టుకుని నిజంగా లాగు. చూశారా, రెండడుగులు ఈడ్చుకెళ్లాడు. వాడు 70 కిలోలు, నేను 52. ఇప్పుడు నా పిడికిలిని నా రెండో చేత్తోనే పట్టుకుని, ఒళ్లు మొత్తం తిప్పి గుంజుతున్నా. రాలేదు. మళ్లీ. ఊహూ. ఆ, మూడోసారికి వచ్చింది. ఎడిటింగులో మొదటి రెండూ తీసేయొచ్చు, నేను తీయను. ఏ క్లాసులోనైనా పార్ట్‌నర్ ఎదురు లాగకుండా నెలంతా గడిచిపోతే, మీరు నేర్చుకున్నది డ్యాన్సే.

ఇక కత్తి. ఈ నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా టేపు పెట్టి కొలిచా, 21 అడుగులు. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో రాశాడు: కత్తి పట్టుకున్నవాడు ఈ దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని. తుపాకీ తీసి కాల్చడానికీ దాదాపు అంతే పడుతుంది. తుపాకీ ఉన్నవాడికే ఆ తిప్పలైతే మన సంగతేంటి? చేత్తో కత్తి లాక్కోవడం నేర్పిస్తానంటే ఆ మాస్టారికి తెల్ల చొక్కా వేయించి, కత్తికి బదులు స్కెచ్ పెన్ను పట్టుకున్న మనిషిని ఆయన మీదికి పంపండి. తర్వాత గీతలు లెక్కపెట్టండి. బ్యాగు అడిగితే ఒకవైపు విసిరేసి రెండోవైపు పరిగెత్తడమే నేను నేర్పేది.

మరి ఫీజు దండగా? కాదు. కెనడాలో మూడు యూనివర్సిటీల్లో మొదటి సంవత్సరం అమ్మాయిలకు 12 గంటల శిక్షణ ఇచ్చి చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిలో అత్యాచారానికి గురైనవాళ్లు శిక్షణ లేనివాళ్లలో 9.8 శాతం, తీసుకున్నవాళ్లలో 5.2 శాతం. సున్నా కాలేదు, సగానికి దగ్గరగా తగ్గింది. అందులో దెబ్బలు ఒక భాగమే. తెలిసినవాడి దగ్గర తేడాను ముందే పసిగట్టడం, మొహమాటం వదిలి "వద్దు" అనడం కూడా అక్కడ పాఠాలే. మన ఇళ్లల్లో ఆ మొహమాటమే పెద్ద బరువు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. దాడి ఆపడానికి ఎంత కావాలో అంతే కొట్టాలి. పడిపోయినవాణ్ని కసితీరా తన్నితే కేసు మన మీదికే తిరుగుతుంది. పెప్పర్ స్ప్రే కొన్నారా, గాలి ఎటుందో చూసి కొట్టండి. ఇప్పుడీ గాలికి ఎదురు కొడితే మంట నా కళ్లకే. తప్పించుకున్నాక మొదటి పని 112కి ఫోన్.

చివరగా అరుపు. నవ్వకండి, అందరికీ కష్టమైంది ఇదే. కావలి నుంచి రైల్లో వచ్చే ఒకమ్మాయికి మూడు వారాలు గొంతులోంచి కీచుమనే శబ్దమే వచ్చింది. కడుపులోంచి రావాలి, రెండే మాటలు. తమ్ముడూ, పట్టుకో.

ఏయ్! వదులు!

ఇంకోసారి. ఏయ్! వదులు!

అయ్యో, కింద వాటా ఆంటీ మెట్లెక్కి వచ్చేస్తున్నారు, చేతిలో అట్లకాడ కూడా ఉంది. ఏం లేదాంటీ, వీడియో తీస్తున్నాం. ఒరేయ్, ముందు నా చెయ్యి వదులు, కెమెరా ఆపు.