వైన్‌లో ఆల్కహాల్ ఎంత? బీరు, కల్లు, విస్కీలతో పోల్చి చూద్దాం

[తెరపై: వీధి మలుపులో "వైన్స్" అని రాసిన బోర్డు]

నమస్కారం. మన ఊళ్లలో "వైన్స్" అని బోర్డు పెట్టిన దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి బీరు, బ్రాందీ, విస్కీలే. అందువల్ల చాలామందికి వైన్ అంటే మద్యం అన్న అర్థమే స్థిరపడింది. మరికొందరు అది ద్రాక్షరసమే కదా, ఏమీ కాదు అనుకుంటారు. ఈ రెండో నమ్మకమే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం.

[తెరపై: పులుస్తున్న ద్రాక్షరసం]

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఇలా మారితే ఒక శాతం ఆల్కహాల్ తయారవుతుంది. అయితే అది 15, 16 శాతానికి చేరేసరికి, తాను తయారుచేసిన ఆల్కహాలే ఈస్ట్‌కు విషమై పులియడం ఆగిపోతుంది కాబట్టి, మామూలు వైన్ 12 నుంచి 15 శాతం మధ్యనే ఉంటుంది. తాటి నీరాలో అంత చక్కెర ఉండదు గనుక కల్లు ఆ స్థాయికి చేరదు. పోర్చుగల్ వారి పోర్ట్ వైన్ 20 శాతం దాకా వెళ్లడానికి కారణం, పులుస్తుండగానే అందులో ద్రాక్ష సారాను కలపడం.

విస్కీ, బ్రాందీ, రమ్ములది వేరే దారి. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి, పులిసిన ద్రవాన్ని కాచి ఆ ఆవిరిని చల్లబరిస్తే ఆల్కహాల్ చిక్కబడుతుంది. మన దేశంలో ఈ సీసాల మీద 42.8 శాతం అన్న విచిత్రమైన అంకె కనిపిస్తుంది. అది మద్యంలో ఆల్కహాల్ ఎంతుందో చెప్పే బ్రిటిష్ వారి పాత ప్రూఫ్ కొలత మిగిల్చినది: 100 ప్రూఫ్ అంటే సుమారు 57.1 శాతం, అందులో నాలుగింట మూడు వంతులు 42.8.

[తెరపై: పెగ్గు, వైన్ గ్లాసు, బీరు సీసా]

అయితే శరీరానికి లెక్క శాతం కాదు, లోపలికి వెళ్లిన ఆల్కహాల్ బరువు. మిల్లీలీటర్లను శాతంతో గుణించి, 100తో భాగించి, మళ్లీ 0.79తో (ఒక మిల్లీలీటరు ఆల్కహాల్ బరువు అన్ని గ్రాములు) గుణిస్తే గ్రాములు వస్తాయి. 60 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 20 గ్రాములు, 13 శాతం ఉన్న 150 మిల్లీలీటర్ల వైన్‌లో 15 గ్రాములు ఉంటాయి. 7 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో మాత్రం ఏకంగా 36 గ్రాములు ఉంటాయి. "బీరే కదా" అనేవారు ఈ అంకెను ఒకసారి చూడాలి.

వైన్ విషయంలో గ్లాసు పరిమాణం కూడా మోసం చేస్తుంది. ఇంట్లో పెద్ద గ్లాసులో 14 శాతం వైన్‌ను 250 మిల్లీలీటర్ల దాకా పోసుకుంటే 28 గ్రాముల ఆల్కహాల్ చేరుతుంది. అది ఆ 60 మిల్లీలీటర్ల విస్కీలో ఉన్నదాని కంటే ఎక్కువ.