పిలిచినప్పుడు పిల్లి చెవి చూడండి

నమస్తే. మిర్యాలగూడలో పిల్లి ఉన్న ఏ దుకాణం ముందు నిలబడ్డా ఈ మాట వినబడుతుంది: "పిల్లికి విశ్వాసం ఉండదు. పేరు పెట్టి పిలిచినా దానికి తెల్వదు." విన్న ప్రతిసారీ నాకు చిరాకు వస్తుంది. తెలుస్తుందండీ! తన పేరు తెలుస్తుంది, పిలిచింది ఎవరో తెలుస్తుంది, ఎటువైపు నుంచి పిలిచారో కూడా తెలుస్తుంది.

మా వీధి చివర కిరాణం దుకాణంలో రాణి అని ఒక బూడిద రంగు పిల్లి ఉంది. ఎప్పుడు చూసినా బియ్యం బస్తాల మీదే పడుకుంటుంది. సేటు గల్లా దగ్గర కూర్చొని "రాణీ!" అంటారు. రాణి లేవదు. కళ్ళు కూడా తెరవదు. "చూసినవా తమ్మీ, లెక్కనే లేదు" అంటారు సేటు. ఇప్పుడు అదే క్లిప్ నెమ్మదిగా వేస్తున్నాను. కాళ్ళ సంగతి వదిలేసి చెవి చూడండి.

(క్లిప్, నెమ్మదిగా: సేటు పిలుపు. రాణి ఎడమ చెవి గల్లా వైపు తిరిగి, మళ్ళీ వెనక్కి వస్తుంది.)

తిరిగింది కదా? అదే జవాబు. మనం కాళ్ళ వైపు చూస్తూ కూర్చుంటే, అది చెవితో చెప్పి ఊరుకుంది.

ఆ చెవి సామాన్యమైనది కాదు. పిల్లి చెవి డొప్పను రెండు డజన్లకు పైగా కండరాలు తిప్పుతాయి. ఒక చెవిని ఇటు, ఇంకోదాన్ని అటు పెట్టగలదు. చప్పుడు ఎంత కీచుగా ఉందో కిలోహెర్ట్జ్‌లలో కొలుస్తారు, అంకె పెరిగితే కీచుదనం పెరిగినట్టు. మనిషి చెవికి పై హద్దు 20 కిలోహెర్ట్జ్, అదీ వయసు పెరిగే కొద్దీ తగ్గిపోతుంది. కుక్క సుమారు 45 దాకా వింటుంది. పిల్లి దాదాపు 85 దాకా! ఎందుకంత? ఎలుకల కోసం. ఎలుకలు తమలో తాము చేసుకునే చప్పుళ్ళలో చాలావరకు 20 కిలోహెర్ట్జ్ పైనే ఉంటాయి. అంటే బస్తాల వెనక ఎలుకలు అరుచుకుంటుంటే సేటుకు దుకాణం నిశ్శబ్దంగా ఉన్నట్టే, రాణికి మాత్రం అంతా గోలే. అలాంటి చెవికి నాలుగు అడుగుల దూరం నుంచి వచ్చే సేటు గొంతు వినబడలేదంటే నేను ఎలా ఒప్పుకుంటాను?

సరే, వినబడింది. తన పేరని తెలుసా? దీన్ని జపాన్‌లో సైతో అత్సుకో అనే పరిశోధకురాలు, ఆమె బృందం పరీక్షించారు, ఫలితాలు 2019లో వచ్చాయి. పద్ధతి చాలా తెలివైనది, మీరూ ఇంట్లో చేసి చూడవచ్చు. పిల్లి పేరు ఎంత పొడవు ఉందో అంతే పొడవున్న, అదే ఊపున్న నాలుగు మామూలు మాటలు తీసుకోవాలి. మన రాణికైతే గోడ, మూట, చీర, కోట. చేప అని మాత్రం అనకండి, తిండి పేరు దానికి ముందే తెలిసి ఉంటే పరీక్ష చెడిపోతుంది. సేటు ఒకే గొంతుతో, ఒక్కో మాటకూ మధ్య కొంచెం ఆగి "గోడ... మూట... చీర... కోట" అనాలి. మొదటి మాటకు చెవి కదులుతుంది, రెండోదానికి తక్కువ, పోను పోను "నాకు పనికొచ్చే మాట కాదులే" అని ఊరుకుంటుంది. ఐదోసారి "రాణి".

చెవి మళ్ళీ లేచిందంటే, ఆ నాలుగు మాటల్లో లేనిది ఈ మాటలో దానికి ఏదో తెలిసినట్టే. జపాన్ పిల్లుల్లో చాలావాటికి ఇలాగే లేచింది. పరాయి మనిషి గొంతుతో పలికినా కూడా! కాకపోతే అవి లేచి నడిచి రావడం అరుదు. చెవి కదలడం, తల తిప్పడం, అంతే.

అదే పరిశోధనలో ఇంకో ముచ్చట ఉంది. పిల్లులను పెట్టి నడిపే కెఫేలలోని పిల్లులు తమ పేరును మామూలు మాటల నుంచి వేరు చేశాయి కానీ, అక్కడే ఉండే మిగతా పిల్లుల పేర్ల నుంచి వేరు చేయలేకపోయాయి. నాకు అనిపించే కారణం చెబుతాను. సేటు దుకాణంలో రాణితో పాటు ఇంకో పిల్లి ఉండి, ఏ పేరుతో పిలిచినా రెండింటికీ పాలు పోస్తే, రెండు పేర్లూ పాలే అవుతాయి కదా! పిల్లి తప్పేముంది అందులో?

ఇక గొంతు. సైతో 2013లో వేసిన ఇంకో పరీక్షలో 20 పిల్లులున్నాయి. మనిషి కనబడకుండా, ముందు ముగ్గురు పరాయివాళ్ళు పిలిచిన రికార్డింగ్, ఆ తర్వాత పెంచినవాళ్ళ గొంతు వినిపించారు. పరాయి గొంతులకు క్రమంగా పట్టించుకోవడం మానేసిన పిల్లులు, తమ మనిషి గొంతు రాగానే మళ్ళీ చెవులు, తల కదిలించాయి. 2021లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకొంచెం ముందుకు వెళ్ళారు. ఇప్పుడే గల్లా దగ్గర వినబడిన సేటు గొంతు, మరుక్షణం వెనక గోదాములో నుంచి వినబడిందనుకోండి. రాణి ఉలిక్కిపడుతుంది. మనిషి కనబడకపోయినా ఎక్కడున్నాడో అది మనసులో లెక్క పెట్టుకునే ఉంటుందన్నమాట. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫలితం ఇదే. విశ్వాసం లేదని మనం తిట్టే జీవి, పడుకొని కూడా మనం ఎక్కడున్నామో చూసుకుంటోంది!

మరి ఎందుకు లేచి రాదు? కుక్కను మనిషి వేల ఏళ్ళుగా వేటకు, మందలకు, కాపలాకు వాడుకున్నాడు. చెప్పిన మాట వినే కుక్కనే పెంచుకుంటూ వచ్చాడు. పిల్లి కథ వేరు. దాని పూర్వీకులైన అడవి పిల్లులు పశ్చిమాసియాలో సుమారు 10,000 ఏళ్ళ కిందట మనిషి దాచుకున్న ధాన్యం దగ్గరికి, ఎలుకల కోసం తమంతట తామే వచ్చాయి. వాటిని ఎవరూ పిలవలేదు. సైప్రస్‌లో మనిషి పక్కనే పూడ్చిన ఒక పిల్లి దొరికింది, అది 9,500 ఏళ్ళ నాటిది. రాణి ఈరోజు బియ్యం బస్తాల మీద చేసేది ఆ పాత పనే. పిలిస్తే పరుగెత్తుకు రావాలన్న షరతు అందులో ఎప్పుడూ లేదు.

టైం అయిపోతోంది, పిలిచే పద్ధతి త్వరగా చెప్పేస్తాను. చంటిపిల్లలతో మాట్లాడినట్టు గొంతు కొంచెం పైకి లేపి పిలవండి. ఫ్రాన్స్‌లో 2022లో పరీక్షిస్తే, తమ మనిషి అలా మాట్లాడినప్పుడు పిల్లులు ఎక్కువగా పట్టించుకున్నాయి, పరాయివాళ్ళు అలా మాట్లాడితే పెద్దగా పట్టించుకోలేదు. "ప్స్ ప్స్" ఎందుకు పనిచేస్తుందని చాలామంది అడుగుతారు. "స్" చప్పుడులో బలమంతా పై స్థాయిలోనే ఉంటుంది, అది పిల్లికి బాగా అందుతుంది. దానికి తోడు ఆ చప్పుడు వెనకే తిండి వస్తుందన్న అలవాటు. నన్నడిగితే అలవాటే ఎక్కువ.

పేరు చిన్నదిగా పెట్టండి, ఇంట్లో అందరూ అదే పేరుతో పిలవండి. స్నానం చేయించడానికి, మందు వేయడానికి, తిట్టడానికి పేరు వాడకండి, మీరే లేచి దాని దగ్గరికి వెళ్ళండి. పేరు వినబడిందంటే మంచిదే జరగాలి.

చివరిగా ఒక్క ముఖ్యమైన మాట. ఒళ్ళంతా తెల్లగా ఉండి రెండు కళ్ళూ నీలంగా ఉన్న పిల్లులకు పుట్టు చెవుడు ఎక్కువ. మీ పిల్లి అలాంటిదై, ఏ చప్పుడుకూ చెవి కదలకపోతే పశువుల డాక్టరుకు చూపించండి. వెనక నుంచి ముట్టుకుంటే హడలిపోయి గోళ్ళతో గీరుతుంది, అందుకే ముందు నుంచి కనబడుతూ వెళ్ళి, రోజూ ఒకే చేతి సైగతో పిలవడం అలవాటు చేయండి. అది కూడా నేర్చుకుంటుంది.

పిల్లి మనల్ని పిలిచే తీరు, ఆ గుర్రుమనే చప్పుడులో దాచి పెట్టే ఏడుపు గురించి వచ్చే వీడియోలో చెబుతాను.