కొత్త పేల్ ఏల్ విడుదలలు: నాలుగు క్యాన్లు, చేదు పరీక్ష

నమస్కారం. ఇప్పుడు నా ముందు బల్ల మీద పేల్ ఏల్ అనే బీరు రకానికి చెందిన నాలుగు క్యాన్లు ఉన్నాయి. వాటిలో రెండు ఈ నెలలోనే విడుదలైనవి. ఒకటి కొన్నేళ్లుగా చాలా రాష్ట్రాల్లో దొరుకుతున్నది. మిగిలినది 1980ల తొలినాళ్ల నుంచి దాదాపు అదే రుచితో వస్తున్నది. కొత్త విడుదలల గురించిన వీడియోలో అంత పాత బీరుకు చోటెందుకని మీరు అడగవచ్చు. కొత్తగా వచ్చిన పేల్ ఏల్ బాగుందో లేదో తేల్చాలంటే పక్కన ఒక కొలబద్ద ఉండాలి. అది లేకుండా రుచి చూస్తే, ఏ క్యాన్ తెరిచినా మొదటి గుక్కకు అద్భుతంగానే అనిపిస్తుంది. నాకు చాలాసార్లు అలాగే అనిపించింది. ఇది ఇక్కడి, అంటే అమెరికా చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవారి కోసం చేస్తున్న వీడియో. ఒక్కో దానిలో నేను పోసుకునేది చిన్న గ్లాసుడు మాత్రమే.

గ్లాసులో పోసే ముందు క్యాన్‌ను తిరగేసి అడుగు చూడండి. మంచి బ్రూవరీలు, అంటే బీరు కాచే సంస్థలు, క్యాన్ నింపిన తేదీని అక్కడే ముద్రిస్తాయి. పేల్ ఏల్‌కు ప్రాణం, బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ అనే పువ్వుల సువాసన, ఆ సువాసన నూనెలు ఎక్కువ కాలం నిలవవు. క్యాన్‌లో చిక్కుకున్న కొద్దిపాటి ఆక్సిజన్, దుకాణంలోని వేడి కలిసి వాటిని చంపేస్తాయి. పోయిన వేసవిలో ఒక దుకాణంలో, ఎండ తగిలే కిటికీ పక్కన పేర్చి ఉంచిన పేల్ ఏల్‌ను తేదీ చూడకుండా కొన్నాను. ఇంటికి వచ్చి తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన, దాని వెనక ముదిరిన తేనె లాంటి తీపి తప్ప ఇంకేమీ లేవు. క్యాన్ నింపి అప్పటికి ఆరు నెలలు దాటింది. ఆ బీరు కాచినవారి తప్పు అందులో ఏమీ లేదని నాకు తెలుసు, కానీ ఆ రోజు ఆ క్యాన్‌తోనే పేల్ ఏల్‌ను మొదటిసారి రుచి చూసిన మిత్రుడు ఇక దాని జోలికి రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అందుకే ఈ నాలుగింటినీ చల్లని అరలో నుంచి, ఆరు వారాలు దాటనివి చూసి మరీ తెచ్చాను.

పేల్ అంటే లేత రంగు అని అర్థం. అయితే ఈ బీర్లు మనం ఎరిగిన మామూలు లాగర్ బీర్ల కంటే ముదురు రంగులోనే ఉంటాయి కదా అనే అనుమానం కొందరికి వస్తుంది. ఇంగ్లండులో పూర్వం మొలకెత్తించిన బార్లీని కట్టెల మంట మీద ఆరబెట్టేవారు కాబట్టి మాల్ట్ గోధుమ రంగుకు తిరిగి, పొగ వాసన పట్టేది. పొగ లేకుండా మండే కోక్ బొగ్గు వాడకంలోకి వచ్చాక లేత రంగు మాల్ట్ చేయడం సాధ్యమైంది, ఆ ముదురు బీర్ల పక్కన ఇది లేతగా కనిపించింది. తరువాత పంతొమ్మిదో శతాబ్దంలో బర్టన్ పట్టణం పేల్ ఏల్‌కు పుట్టిల్లుగా పేరు తెచ్చుకోవడానికి అక్కడి భూగర్భ జలమే కారణం. ఆ నీటిలో జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, బాగా ఉంటుంది. సల్ఫేట్ ఉన్న నీటితో కాచిన బీరులో హాప్స్ చేదు పదునుగా, పొడిగా తేలుతుంది. చెన్నపట్నానికీ కలకత్తాకూ ఓడల్లో వచ్చిన బీర్లు కూడా ఈ వంశానివే. ఈ నీటి సంగతి గుర్తు పెట్టుకోండి, మూడో క్యాన్ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇక మొదటి క్యాన్, సియెర్రా నెవాడా పేల్ ఏల్. నేను ఉండే కాలిఫోర్నియాలోని ఫాల్సమ్ నుంచి ఉత్తరానికి రెండు గంటలు కారు నడిపితే వచ్చే చికో పట్టణంలో, 1979లో కెన్ గ్రాస్‌మన్, పాల్ కముసి కలిసి ఈ బ్రూవరీని స్థాపించారు. కొత్త సామగ్రి కొనే స్తోమత లేక, పాత పాల డెయిరీల పరికరాలను తెచ్చి తమ అవసరానికి తగ్గట్టు మార్చుకున్నారు. 1980లో కాచడం మొదలుపెట్టాక, ప్రతిసారీ ఒకే రుచి వచ్చేంత వరకు వాయి తరువాత వాయిని పారబోశారు. ఈ బీరుకు ఆయువుపట్టు కాస్కేడ్ అనే హాప్ రకం. ఒరెగాన్‌లో ప్రభుత్వ పరిశోధన కార్యక్రమం నుంచి 1972లో బయటికి వచ్చిన ఈ రకాన్ని, శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ 1975లో తన లిబర్టీ ఏల్‌లో ధైర్యంగా వాడింది. అయితే దాని వాసనను అమెరికా అంతటికీ అలవాటు చేసింది మాత్రం చికో బీరే.

గ్లాసులో పోశాను, చూడండి. పలుచని తేనె రంగు, తెల్లని గట్టి నురగ. ముక్కు దగ్గర పెట్టుకుంటే, పంపరపనస తొక్కను గోటితో గిల్లినప్పుడు చిమ్మే వాసన వస్తుంది, దాని వెనక కొంచెం గుగ్గిలం పొగను తలపించే జిగురు వాసన ఉంటుంది. నోట్లోకి తీసుకుంటే ముందుగా తెలిసేది మాల్ట్, అంటే దోరగా కాలిన రొట్టె అంచు రుచి. చేదు మింగిన తరువాతే వస్తుంది. నాలుక వెనక భాగంలో నిలబడి, నోటిని శుభ్రం చేసి, ఇంకో గుక్క కావాలనిపిస్తుంది. చేదును కొలిచే ఐబీయూ లెక్కలో ఇది 38, ఆల్కహాల్ 5.6 శాతం. నూనెలో మెంతులు ఎర్రబడిన క్షణంలోనే దించితే పులుసుకు ఒక చేదు వస్తుంది, ఒక్క నిమిషం ఆలస్యమై మాడితే మరో చేదు వస్తుంది. వంట తెలిసినవారు ఆ రెండింటినీ కళ్లు మూసుకుని చెప్పగలరు. ఈ క్యాన్‌లో ఉన్నది మొదటి రకం చేదు. ఈ రోజు మిగిలిన మూడింటిలో నేను వెతికేది దాన్నే.

రెండోది అయోవా రాష్ట్రంలోని డెకోరా పట్టణం నుంచి టాప్లింగ్ గొలైయత్ బ్రూవరీ తెచ్చిన సూడోసూ. డబ్బా మీద పెద్ద డైనోసార్ బొమ్మ ఉంటుంది. ఇందులో వాడింది సిట్రా అనే ఒకే ఒక హాప్ రకం, ఆల్కహాల్ 5.8 శాతం. సిట్రా వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో తయారైన రకం. 2000ల దశకం చివర్లో మార్కెట్లోకి వచ్చాక అది అమెరికా క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీల బీరు, ముఖాన్నే మార్చింది. వాసనలో పండిన మామిడి, నారింజ తొన కలిసి వస్తాయి. కొద్దిగా మసక ఉంది కానీ గ్లాసు అవతల నా వేళ్ల నీడ కనబడుతోంది. చేదు మొదటిదానికంటే మెత్తన, అయినా గుక్క చివర స్పష్టంగా తగులుతుంది. పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ నడుమ ఉన్న వంతెన ఇదే కాబట్టి దీని గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను. కొనదగినది.

మూడో క్యాన్ దగ్గర కొంచెం ఆగాలి. ఇది ఒక చిన్న బ్రూవరీ ఈ నెలలో ఒకే ఒక్క వాయిగా కాచి విడుదల చేసిన హేజీ పేల్ ఏల్, అంటే మబ్బు పట్టినట్టు ఉండే రకం. మీరు ఈ వీడియో చూసే సరికి ఇది అయిపోయి ఉంటుంది, పైగా నేను దీనిని విమర్శించబోతున్నాను కాబట్టి పేరు చెప్పడం న్యాయం కాదు. అమెరికాలోని చిన్న బ్రూవరీల సంఘమైన బ్రూవర్స్ అసోసియేషన్ 2018లోనే ఈ మబ్బు పేల్ ఏల్‌ను తన మార్గదర్శకాల్లో ప్రత్యేక శైలిగా చేర్చింది, అందువల్ల ఇది పేల్ ఏల్ కాదని వాదించడం నా ఉద్దేశం కాదు. ఇందులో బార్లీతో పాటు ఓట్స్, గోధుమలు వాడారు. నీటిలో సల్ఫేట్ తగ్గించి క్లోరైడ్ పెంచడం ఈ శైలిలో పరిపాటి, దాని వల్ల నోటికి నునుపు వస్తుంది, చేదు వెనక్కి తగ్గుతుంది. బర్టన్ నీరు చేసే పనికి ఇది సరిగ్గా ఎదురు పని. హాప్స్‌ను మరిగేటప్పుడు వేస్తే వాటిలోని ఆమ్లాలు మారి చేదునిస్తాయి, మంట ఆపాకనో, పులిసే దశలోనో వేస్తే ముఖ్యంగా సువాసనే దిగుతుంది. ఈ బీరులో దాదాపు హాప్స్ అంతా ఆ రెండో దారిలోనే పడిందని రుచి చెబుతోంది.

ఇందులో వాడిన హాప్ రకం క్రష్. చాలాకాలం హెచ్‌బీసీ 586 అనే సంఖ్యతోనే ప్రయోగాల్లో ఉండి, 2024లో ఈ పేరు పొందింది. ఈ మధ్య వస్తున్న కొత్త విడుదలల్లో దీన్ని చాలాచోట్ల చూస్తున్నాను. వాసన మాత్రం నిజంగా మనసు దోచుకునేలా ఉంది. కోసిన జామపండు, పండు మామిడి, పీచ్ పండు ఒక్కసారిగా ముక్కుకు తగులుతాయి. మొదటి గుక్క కూడా అంతే గొప్పగా ఉంది. రెండో గుక్కకు ఆ ఆశ్చర్యం తగ్గింది. మూడో గుక్కలో దాని కింద ఏముందా అని వెతికాను, ఏమీ దొరకలేదు. మాల్ట్ వినబడదు, చేదు చేతికందదు, చివరకు నాలుక మీద పల్చని తీపి పూత మిగులుతుంది. గ్లాసు కొంచెం వెచ్చబడ్డాక ఆ తీపి ఇంకా బరువెక్కింది.

ఇంకొక లోపం కూడా ఉంది. మింగిన తరువాత గొంతులో సన్నని గీరుడు లాంటి మంట తెలుస్తోంది. దీన్ని హాప్ బర్న్ అంటారు. హాప్స్ ముక్కలు, వాటిలోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు ఇంకా కిందికి దిగకుండా బీరులో తేలుతూ ఉండటం దీనికి కారణం. క్యాన్ అడుగున తేదీ చూస్తే నింపి ఆరు రోజులే అయింది. తాజాగా ఉండాలని ఇంతకు ముందు చెప్పినవాణ్ణే ఇప్పుడు మరీ తాజాగా ఉందని అంటున్నాను. హాప్స్ విస్తారంగా వేసిన మబ్బు రకాలకు రెండు మూడు వారాలు చల్లగా నిలబడే వ్యవధి ఇస్తే ఈ మంట చాలావరకు తగ్గుతుంది. విడుదల రోజునే వరుసలో నిలబడి కొని అక్కడే తాగేవారికి ఆ వ్యవధి దక్కదు. బ్రూవరీ ఒక పది రోజులు ఆగి అమ్మి ఉంటే ఇదే బీరుకు నేను మరింత మంచి మాట చెప్పేవాణ్ణి. కానీ ఈ మధ్య అమెరికాలో ఎన్నో చిన్న బ్రూవరీలు మూతపడ్డాయి, 2024లో కొత్తగా తెరిచిన వాటికంటే మూసుకున్నవే ఎక్కువ. ట్యాంకు త్వరగా ఖాళీ చేసి డబ్బు చేతికి తెచ్చుకోవాల్సిన వారి ఒత్తిడి ఎలాంటిదో ఊహించగలను.

నాలుగోది కూడా చిన్న బ్రూవరీదే, కొత్త విడుదలే. ఈ రెండు చిన్న బ్రూవరీల్లో ఒకదాని పేరు చెప్పి, ఇంకోదానిది చెప్పకపోతే బాగుండదు కాబట్టి దీని పేరూ చెప్పను. ఆల్కహాల్ 5.2 శాతం. గ్లాసులోంచి అవతల ఉన్న అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంది. మొదటి క్యాన్‌లోని తేనె రంగు, పాకం తీపి ఇందులో లేవు. లేత రంగు మాల్ట్ మాత్రమే వాడి, పైన కాస్కేడ్‌తో పాటు మొజాయిక్ అనే మరో హాప్ రకం వేశారని డబ్బా మీద ఉంది. కాస్కేడ్ పంపరపనస తొక్కను తెస్తే, మొజాయిక్ దానికి నేరేడు పండు లాంటి వగరు తీపిని జోడించింది. మాల్ట్ సన్నగా ఉన్నా వినబడుతుంది, పొయ్యి మీద అప్పుడే వేడెక్కిన మరమరాల వాసన లాగా. చేదు సమయానికి వచ్చి, తన పని చేసి, నిలవకుండా వెళ్లిపోతుంది. మెంతులు సరిగ్గా వేగాయి. ఒక్కటే వెలితి, బీరు కాస్త పల్చనై, గుక్క మధ్యలో నీరు తగిలినట్టు ఒక క్షణం ఉంది. అయినా నాలుగింటిలో గ్లాసు ఖాళీ అయిందని నాకు తెలియకుండానే ఖాళీ అయింది ఇదొక్కటే.

అన్నీ పోసి నలభై నిమిషాలైంది. మంచులో నుంచి తీసినంత చల్లగా పేల్ ఏల్‌ను తాగితే నాలుక మొద్దుబారుతుంది, ఏడు నుంచి పది డిగ్రీల సెల్సియస్ మధ్య దాని గుణం బయటపడుతుంది. ఇప్పుడు అవి ఆ హద్దు కూడా దాటి వెచ్చబడ్డాయి. సియెర్రా నెవాడాలో రొట్టె రుచి ఇంకా పైకి వచ్చింది. నాలుగోది గ్యాసు పోయి చప్పబడినా శుభ్రంగానే ఉంది. మూడోదానిలో జామ వాసన అలాగే ఉంది కానీ తాగాలనిపించడం లేదు.

అలాగని మూడోదానికి చోటు లేదని కాదు. కారంలోని మంటా హాప్స్ చేదూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. గుంటూరు మిరపకారం దట్టించిన కోడి వేపుడుతో చేదైన పేల్ ఏల్ తీసుకుంటే నోరు రెండింతలు మండుతుంది, అక్కడ మెత్తని మబ్బు రకమే హాయిగా ఉంటుంది. ఉప్పు వేసి వేయించిన పల్లీలు, పకోడీ, బియ్యప్పిండి అద్ది వేయించిన చేప ముక్కలకు మాత్రం మొదటిదో నాలుగోదో కావాలి, ఎందుకంటే చేదూ గ్యాసూ కలిసి నూనెను నాలుక మీద నుంచి తుడిచేస్తాయి.

హైదరాబాదు నుంచి చూసేవారు, మాకు ఇవి దొరకవు కదా అని తరచూ అడుగుతున్నారు. తెలంగాణలో 2015 తరువాత మైక్రోబ్రూవరీలకు వీలు కలిగింది, అక్కడ కాచినది సాధారణంగా అక్కడే తాగుతారు. తాజాదనం విషయంలో ఇది మీకు మేలే. దుకాణం కిటికీలో ఆరు నెలలు ఎండే అవకాశం ఆ బీరుకు లేదు. అక్కడి జాబితాల్లో గోధుమ బీర్లదే పైచేయి, కానీ పేల్ ఏల్ కనిపిస్తే, ట్యాంకు నుంచి ఎప్పుడు తీశారో అడిగి ముందు చిన్న గ్లాసు రుచి చూడండి. హాప్స్ ఎక్కువగా విదేశాల నుంచి వస్తాయి, మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిన చరిత్ర ఉంది. పువ్వులు చల్లగా దాచకపోతే కొత్తగా కాచిన బీరులో కూడా పాత చీజ్ వాసన వస్తుంది. అలా వస్తే మొహమాటపడకుండా చెప్పండి, మంచి బ్రూయర్ ఆ మాటను మర్యాదగానే తీసుకుంటాడు.

ధరల విషయానికి వస్తే, నేను కొన్నచోట చిన్న బ్రూవరీల నాలుగు పెద్ద క్యాన్ల కట్ట, సియెర్రా నెవాడా ఆరు క్యాన్ల కట్ట కంటే చాలా ఎక్కువ పడింది. నాలుగోదానికి ఆ డబ్బు మళ్లీ పెడతాను. మూడోదాని మిగిలిన క్యాన్లను ఫ్రిజ్ వెనక వరుసలో పెట్టాను. మూడు వారాల తరువాత వాటిలో ఒకటి తీసి, ఆ గొంతు మంట తగ్గిందో లేదో, జామ వాసన ఎంత మిగిలిందో ఇదే బల్ల మీద మీకు చూపిస్తాను.