ఓకే అంటే "జీరో కిల్డ్" అట! ఎవరు చెప్పార్రా బాబూ?

మళ్లీ అదే రీల్! అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చావని రోజు బోర్డు మీద "జీరో కిల్డ్" అని రాసేవాళ్లట, అదే ఓకే అయిందట. కింద అందరూ దండాలు పెట్టేస్తున్నారు. అయ్యా, ఆ యుద్ధం మొదలైందే 1861లో. ఓకే అచ్చులో కనబడింది 1839 మార్చి 23న, బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పేపర్లో. కొడుకు బారసాల అయ్యాక తండ్రి పుట్టాడంటే నమ్ముతారా?

అసలు సంగతి ఏంటంటే, అప్పట్లో బోస్టన్ పేపర్లోళ్లకి ఒక పిచ్చి ఉండేది, కావాలని స్పెల్లింగ్ తప్పు రాసి దానికి పొట్టి అక్షరాలు పెట్టడం. "ఆల్ కరెక్ట్"ని "ఓల్ కొరెక్ట్" (oll korrect) చేశారు, ఓ.కె. అయింది. "ఆల్ రైట్"ని "oll wright" అని రాసి ఓ.డబ్ల్యూ., "నో గో"ని "know go" అని రాసి కె.జి.! మనం వాట్సాప్‌లో "గుడ్ మార్నింగ్"ని జీఎం చేస్తే పెద్దాళ్లు తిడతారు కానీ ఈ రోగం అప్పటిదే.

మరి ఓ.డబ్ల్యూ. చచ్చిపోయి ఓకే ఎలా బతికింది? నన్నడిగితే ఎలక్షన్, వంద శాతం ఎలక్షనే! 1840లో అమెరికా ప్రెసిడెంట్ వాన్ బ్యూరెన్ మళ్లీ నిలబడ్డాడు, సొంతూరు కిండర్‌హుక్, ముద్దుపేరు ఓల్డ్ కిండర్‌హుక్. వాళ్ల మనుషులు న్యూయార్క్‌లో ఓ.కె. క్లబ్బే పెట్టేశారు. అవతలి పార్టీ ఊరుకుంటుందా? ఈయన గురువు, ఈయనకి ముందు ప్రెసిడెంట్ అయిన ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగ్ రాదు, ఫైళ్ల మీద ఓ.కె. అని రాసేది ఆయనే అని పుకారు లేపింది. అంటే ఫేక్ ఫార్వర్డ్ అప్పుడే ఉంది! పాపం వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు, మాట మాత్రం గెలిచింది. ఇదంతా నా కథ కాదు, కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెన్ వాకర్ రీడ్ పాత పేపర్లు తిరగేసి 1960ల్లోనే బయటపెట్టాడు. రీల్ చేసేవాళ్లకి చదివే తీరిక ఏది!

ఇక దీని అర్థాలు చూడండి. "లోన్ ఓకే అయింది" అంటే పండగ, "సంబంధం ఓకే" అంటే పెళ్లి, అదే మార్నింగ్ షో నుంచి బయటికొచ్చి "ఓకే" అన్నాడంటే ప్రొడ్యూసర్ గుండెలో రాయి పడ్డట్టే. ఇంట్లో ఆవిడ "ఓకే" అని ఫోన్ పెట్టేసిందా, ఆ రాత్రి మీ భోజనం మీరే చూసుకోండి.

ఓకే అనేది అమెరికా ఆదివాసీలైన చోక్టా తెగ వాళ్ల మాట అనేవాళ్లూ ఉన్నారు, తర్వాతి కాలంలో అమెరికా ప్రెసిడెంట్ అయిన విల్సన్ అది నమ్మే "ఓకే"కి వేరే స్పెల్లింగ్ (okeh) రాసేవాడు. నేను నమ్మను. 1839కి ముందు అచ్చయిన కాగితం ఒక్కటి కామెంట్లో పెట్టండి, పిన్ చేస్తా.