రెండడుగుల ఆలస్యం: లాన్సెలాట్ బండెక్కిన కథ

నమస్తే అండీ. ముందే చెప్తున్నా, ఇవాళ స్పాయిలర్లు బోలెడు. ఈ పుస్తకం రాసి 840 ఏళ్ళు దాటింది, ఇంకా చదవలేదంటే తప్పు నాది కాదు.

పుస్తకం పేరు మన మాటల్లో 'బండెక్కిన వీరుడు'. కవి క్రెతియాన్ ద త్రువా. ఫ్రాన్స్‌లో షాంపేన్ సీమ, త్రువా పట్నం. 1177కీ 1181కీ మధ్య రాశాడని పండితుల లెక్క. పాత ఫ్రెంచి, పాదానికి ఎనిమిదేసి అక్షరాలు, రెండేసి పాదాలకి అంత్యప్రాస, మొత్తం 7,000 పైచిలుకు పాదాలు. నేను చదివింది ఇంగ్లీషు వచనంలో, కాబట్టి ఆ ప్రాసల అందం గురించి నాకు మాట్లాడే హక్కు లేదు.

కథ ఒక్క ముక్కలో చెప్పేస్తా. బ్రిటన్ గాథల్లోని ఆర్థర్ రాజు కొలువు తీరి ఉండగా మెలియగంట్ అనే దుర్మార్గుడు వచ్చి సవాలు విసిరి, చివరికి ఆర్థర్ భార్య, రాణి గ్వినివీర్‌ని పట్టుకుపోతాడు. ఆమెని వెతుక్కుంటూ ఒక వీరుడు బయల్దేరతాడు. అతని పేరు కవి చెప్పడు. సగం పుస్తకం అయ్యాక, మెలియగంట్‌తో పోరు జరుగుతుంటే, రాణి నోటి నుంచి మొదటిసారి వినబడుతుంది: లాన్సెలాట్. హీరో పేరు హీరోయిన్ చెప్తేగానీ మనకి తెలియదు. ఎంట్రీ అంటే ఇదీ.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. లాన్సెలాట్ గుర్రం పరిగెత్తి పరిగెత్తి చచ్చిపోయింది. ఒంటినిండా కవచం, కాలినడక. ఎదురుగా ఒక బండి, తోలేవాడు మరుగుజ్జు. "రాణిని చూశావా?" అంటే, "బండెక్కు, ఆమె సంగతి రేపటికల్లా తెలుస్తుంది" అంటాడు. ఎక్కడానికేం, ఎక్కొచ్చు కదా అనుకుంటాం మనం. అక్కడ కవి కథ ఆపి మరీ వివరిస్తాడు. ఆ కాలంలో ఊరికి ఒక్కటే బండి. దొంగల్నీ హంతకుల్నీ అందులో ఎక్కించి వీధి వీధీ తిప్పేవాళ్ళు. ఎక్కినవాడికి ఇక ఏ కొలువులోనూ మర్యాద లేదు. బండి ఎదురొస్తే దేవుణ్ణి తలుచుకోమని జనం చెప్పుకునేవాళ్ళట. మన దగ్గర గుండు గీసి గాడిద మీద ఊరేగించడం అంటామే, సరిగ్గా అదే.

లాన్సెలాట్ ఆగుతాడు. బుద్ధి వద్దంటుంది, ప్రేమ ఎక్కమంటుంది. బుద్ధి మాట పెదవి మీద ఉంది, గుండెలో లేదు అంటాడు కవి. రెండంటే రెండడుగుల సేపు తటపటాయించి ఎక్కేస్తాడు. వెనకే వచ్చిన గవెయిన్ అనే ఇంకో వీరుడు మాత్రం "నాకు గుర్రం ఉంది, బండి ఎక్కడం నా వల్ల కాదు" అనేస్తాడు. అతనిది తప్పంటారా? నేననను. ఆర్థర్ కొలువులో మర్యాదకి మారుపేరు అతనే. అక్కర లేకుండా ఎందుకు ఎక్కుతాడు?

ఈ రెండడుగులూ గుర్తుపెట్టుకోండి.

నాకు బాగా నచ్చిన సీన్ దువ్వెనది. దారిలో ఒక చెలమ, పక్కన రాయి, రాయి మీద ఎవరో మర్చిపోయిన దంతపు దువ్వెన, బంగారు పూత. పళ్ళలో గుప్పెడులో సగం వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. కూడా వస్తున్న అమ్మాయి "ఇవి రాణిగారివి" అనేసరికి ఈ మహావీరుడికి రంగు పోయి, మాట పడిపోయి, జీను మీంచి పడబోతాడు. ఆమె పట్టుకోవడానికి గబుక్కున దిగి, అతను సిగ్గుపడతాడని "దువ్వెన కోసం దిగాను" అని అబద్ధం చెప్తుంది. ఆ చిన్న అబద్ధం చూశారా, పుస్తకం మొత్తంలో అసలైన మర్యాద నాకు అక్కడే కనిపించింది. దువ్వెన ఆమెకి ఇచ్చేసి, ఒక్క వెంట్రుకా తెగకుండా తీసుకుని, కళ్ళకీ నుదుటికీ లక్షసార్లు అద్దుకుని, చొక్కాకీ ఒంటికీ మధ్య గుండె దగ్గర దాచుకుంటాడు. ఇక తనకి మందులూ వద్దు, సెయింట్ మార్టిన్‌కి మొక్కులూ వద్దు అనుకుంటాడు. చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వినందుకు కాస్త సిగ్గేస్తుంది.

ఆ అమ్మాయి ఇతన్ని తోడు రమ్మని అడిగిన చోట ఇంకో సంగతి ఉంది. పుస్తకంలో అందరూ చదవకుండా దాటేసే పేరా ఇదే. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఒంటరి ఆడపిల్ల ఎదురైతే వీరుడు ఆమె జోలికి పోకూడదు, పోతే పరువు పోయినట్టే. కానీ ఆమె ఇంకో వీరుడి తోడుతో వెళ్తుంటే, వాణ్ణి ఓడించి ఆమెని ఏం చేసుకున్నా తప్పు లేదు! షివల్రీ షివల్రీ (వీరుల మర్యాద) అని మనం చప్పట్లు కొడతామే, దాని చిన్నక్షరాల షరతు ఇది. ఆమె ఇష్టాయిష్టాల ఊసే లేదు, లెక్కంతా మగవాళ్ళ మధ్యే. అదే కాలంలో ప్రేమ నియమాల పుస్తకం రాసిన ఆంద్రెయాస్ అనే మతగురువు ఇంకో మెట్టు దిగాడు. 31 నియమాలు పెట్టాడు, పెళ్ళయిందన్నది ప్రేమించకపోవడానికి సాకు కాదన్నది మొదటిది. అదే మనిషి రైతు స్త్రీల దగ్గరికొచ్చేసరికి కాస్త బలవంతం చేయండి అని సలహా ఇచ్చాడు. మోకరిల్లడాలన్నీ కోటలోపలి దొరసానులకే అన్నమాట.

సరే, రాణి ఉన్న చోటికి చేర్చే కత్తి వంతెన. రెండు ఈటెల పొడవున్న కత్తే వంతెన, కింద నల్లటి ఉరవడి. చేతులకీ కాళ్ళకీ ఉన్న కవచం విప్పేసి, చర్మం కోసుకుపోతున్నా పాక్కుంటూ దాటతాడు. మెలియగంట్‌తో తలపడతాడు, రాణి విడుదలవుతుంది. ఆమె ముందుకి వెళ్తాడు. రాణి మొహం తిప్పేసుకుంటుంది! పాపం ఎందుకో అర్థం కాదు. ఆమె చనిపోయిందన్న పుకారు విని ఉరేసుకోబోతాడు. మళ్ళీ కలిశాక అడిగితే ఆమె చెప్పే కారణం: "బండెక్కడానికి సిగ్గుపడ్డావుగా, రెండడుగులు ఆలస్యం చేశావు."

సత్యభామ కాలు గుర్తొచ్చింది కదూ మీకు? నాకూ వచ్చింది. కానీ అక్కడ అలిగింది భార్య, ఇక్కడ ఇంకొకడి భార్య. ఆ రాత్రి కిటికీ ఇనప చువ్వలు వంచి లోపలికెళ్ళి, గుళ్ళో పవిత్ర అవశేషాలకి మొక్కినట్టు ఆమెకి మొక్కుతాడు. తెగిన వేళ్ళ నెత్తురు పక్క మీద మరకలవుతుంది, నింద అదే గదిలో గాయాలతో పడుకున్న కే అనే మరో వీరుడి మీద పడుతుంది. మంచి ట్విస్టే.

నాకు తేలిందేంటంటే, ఈ ప్రేమకి కొలమానం ప్రాణం కాదు, పరువు. ప్రాణం ఇవ్వడం వీరుడికి తేలిక, అది వాడి వృత్తి. పరువు ఇవ్వగలవా అన్నదే రాణి ప్రశ్న. అందుకే వీరులు గుర్రాల మీద తలపడే పోటీల సీన్‌లో మారువేషంలో ఉన్న ఇతనికి కబురు పంపుతుంది: చెత్తగా పోరాడు. వెంటనే పిరికివాడిలా పారిపోతాడు, ఊరంతా వెక్కిరిస్తుంది. మర్నాడు మళ్ళీ అదే కబురు, మళ్ళీ అదే పని. ఆ తర్వాత 'ఇక నీ సత్తా చూపించు' అంటే అందర్నీ ఊడ్చేస్తాడు. ఈసారి తటపటాయింపు లేదు, అరడుగు కూడా.

మరి కవికి ఈ కథ నచ్చిందా? అక్కడే నాకు అనుమానం. కథా, దాని భావమూ తనకి ఇచ్చింది షాంపేన్ దొరసాని మారీ అని మొదట్లోనే చెప్పేస్తాడు. ఈమె, మొదట ఫ్రాన్స్‌కీ తర్వాత ఇంగ్లండ్‌కీ రాణి అయిన అక్విటేన్ ఎలినార్ కూతురు. కవిది కేవలం శ్రమేనట. ఇతర కావ్యాల్లో భార్యాభర్తల ప్రేమని నెత్తికెత్తుకున్న మనిషి ఇతను. పైగా దీన్ని పూర్తి చెయ్యలేదు. హీరోని కిటికీ తప్ప తలుపు లేని బురుజులో పెట్టి గోడ కట్టించేసి పక్కకి తప్పుకున్నాడు. మిగతాది గొద్‌ఫ్రువా ద లాన్యీ అనే ఇంకొకాయన, క్రెతియాన్ అనుమతితోనే రాశానని చెప్పి మరీ ముగించాడు.

ఈ రకం ప్రేమకి కోర్ట్‌లీ లవ్ (కొలువు మర్యాదల ప్రేమ) అన్న పేరు స్థిరపడింది కూడా 1883లో, గస్తోన్ పరీ అనే ఫ్రెంచి పండితుడు సరిగ్గా ఈ కావ్యం గురించి రాసిన వ్యాసంతోనే. చదవాలనుకుంటే కిబ్లర్ చేసిన పెంగ్విన్ అనువాదం హాయిగా సాగుతుంది. డబ్బు పెట్టొద్దనుకుంటే 1914 నాటి కంఫర్ట్ అనువాదం ఆన్‌లైన్‌లో ఉచితం, భాష కాస్త పాతది. నా మార్కులు అయిదుకి నాలుగు. ఒకటి ఆ ఆచారం పేరాకి కోసేశా.

ముగింపు సంగతి కూడా చెప్పేస్తా. లాన్సెలాట్ కొలువుకి తిరిగొస్తాడు. రాణికి పరిగెత్తుకెళ్ళాలని ఉంటుంది, కానీ చుట్టూ జనం, పక్కనే రాజు, బుద్ధి ఆపేస్తుంది. జనం లేని చోటు దొరికేదాకా ఆగుదామనుకుంటుంది. ఆ తర్వాత మెలియగంట్ తల తెగుతుంది, జనం లాన్సెలాట్ ఆయుధాలు విప్పి ఆనందంగా తీసుకెళ్తారు, కావ్యం అయిపోతుంది. ఆ చోటు దొరికిందో లేదో ఇద్దరు కవుల్లో ఒక్కరూ చెప్పలేదు.